పాటల పోటీలు, జడ్జీలు: ప్రేక్షకులు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లకుంటలో పిల్లలకు పాట నేర్పుతాను. శని, ఆదివారాల్లో టీవీలో పాటల పోటీ వస్తే చాలు, సోమవారం సాయంత్రం క్లాసుకి పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లిదండ్రులు గుమ్మంలోనే అడుగుతారు: "నిన్న ఆ అమ్మాయిని ఎందుకు పంపించేశారు టీచర్?" అపార్టుమెంట్లలో గణేశ్ నవరాత్రులకు పెట్టే పాటల పోటీలకు నన్ను జడ్జిగా పిలుస్తుంటారు కాబట్టి, ఆ కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో కొంత తెలుసు. వాళ్ళూ వీళ్ళూ అడిగిన ప్రశ్నల్లో మళ్ళీ మళ్ళీ వచ్చేవి ఇక్కడ ఒకచోట పెట్టాను.

జడ్జీలు ఎవరు పాడినా "అద్భుతం" అంటారెందుకు?

అందరికంటే ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. కారణాలు చాలానే ఉన్నాయి. పాడేవాళ్ళు అప్పటికే టెన్షన్‌లో ఉంటారు, నలుగురి ముందు వాళ్ళని నొప్పించడానికి మనసొప్పదు. ఎదురుగా పాడుతున్న కుర్రాడు రేపు జడ్జిగా కూర్చున్న ఆ సంగీత దర్శకుడి దగ్గరే ట్రాక్ (అసలు గాయకుడి కన్నా ముందు నమూనాగా పాడే పాట) పాడటానికి రావచ్చు. పైగా షో నడిపేవాళ్ళకు ప్రతి పాటా ఒక పండుగలా కనిపించాలి. ప్రోమోలో పెట్టడానికి పనికొచ్చేది స్టాండింగ్ ఒవేషనే కానీ, "రెండో చరణంలో శ్రుతి కొంచెం దిగింది" అన్న మాట కాదు.

ఇది మన అనుమానం మాత్రమే అనుకోనక్కర్లేదు. 2021లో హిందీ ఇండియన్ ఐడల్ 12వ సీజన్‌లో కిశోర్ కుమార్‌కు నివాళిగా ఒక ఎపిసోడ్ చేశారు. అతిథిగా వెళ్ళిన ఆయన కొడుకు అమిత్ కుమార్ తర్వాత బాహాటంగానే చెప్పారు, ఎవరెలా పాడినా పొగడమని తనకు ముందే చెప్పారని, తానూ అలాగే చేశానని. అప్పుడు దేశమంతా దాని మీద మాట్లాడుకుంది. మన ఇళ్ళలో ఇంకా ఎక్కువగా మాట్లాడుకున్నారు, ఎందుకంటే ఆ సీజన్‌లో మన విశాఖ అమ్మాయి షణ్ముఖప్రియ ఉంది.

పొగడ్త తప్పని నేననను. పాడేవాళ్ళకు అది కావాలి. ఎందుకు బాగుందో చెప్పకుండా పొగడటం దగ్గరే నాకు అభ్యంతరం. ఈమధ్య ఒక షోలో ఒకమ్మాయి పాత మెలోడీ పాడింది. గొంతు తీయగా ఉంది. రెండో చరణంలో "వెన్నెలలో" అనే మాట దగ్గర ఊపిరి చాలక "వెన్నె" అని ఆగి, గాలి పీల్చుకుని "లలో" అంది. మాట రెండు ముక్కలైంది. పక్కన కూర్చుని చూస్తున్న మా పక్కింటి పిన్నిగారు తొడ మీద తాళం వేస్తున్న చెయ్యి ఆపేసి నా వైపు చూశారు. ఆవిడ పాట నేర్చుకున్నవారు కాదు, విని విని చెవి తయారైంది. టీవీలో మాత్రం ముగ్గురు జడ్జీలూ లేచి నిలబడ్డారు. ఒకరు గూస్‌బంప్స్ అన్నారు, ఇంకొకరు దేవుడిచ్చిన గొంతు అన్నారు. ఊపిరి సంగతి ఎవరూ ఎత్తలేదు. వచ్చే వారం ఆ అమ్మాయి మళ్ళీ అదే తప్పు చేస్తే అది ఎవరి తప్పు? ముందు లైనులో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పడానికి అరనిమిషం చాలు. ఆ అరనిమిషం కోసమే కదా జడ్జిని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.

అయితే కటువుగా మాట్లాడేవాళ్ళే మంచి జడ్జీలా?

కాదు. 2001లో బ్రిటన్‌లో పాప్ ఐడల్, 2002లో అమెరికన్ ఐడల్ మొదలైనప్పుడు సైమన్ కోవెల్ అనే జడ్జి మొహం మీదే తీసిపారేసే మాటలతో పేరు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత చాలా దేశాల్లో ప్రతి షోకీ ఒక కోపిష్టి జడ్జి కావాల్సి వచ్చాడు. "నీకు పాట రాదు, ఇంటికెళ్ళు" అన్న మాటలో కూడా "అద్భుతం" అన్న మాటలో ఉన్నంత ఖాళీయే ఉంది. ఎక్కడ తప్పిందో రెండూ చెప్పవు. మన దగ్గర పెద్దవాళ్ళు పిల్లల్ని తిట్టినా అందులో ఒక దారి చూపిస్తారు. అది ఉంటే మాట కాస్త గట్టిగా ఉన్నా ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రతిసారీ బాలుగారితో పోల్చడం న్యాయమేనా?

ఇప్పటి జడ్జీలకు ఇది బరువే. అయినా పోలిక రాకుండా ఎలా ఉంటుంది? 1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలైనప్పుడు తెలుగు ఇళ్ళలో పాటను ఇలా కూర్చుని వినడం అలవాటు చేసింది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారే. ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ లాంటివాళ్ళు ఆ వేదిక మీద పాడి సినిమాల్లోకి వెళ్ళారు. ఆయన 2020 సెప్టెంబరు 25న చెన్నైలో కన్నుమూశారు. తర్వాత ఆ కార్యక్రమాన్ని కొడుకు చరణ్ నడిపించడం మొదలుపెట్టారు.

ఆయనలో జనం గుర్తుపెట్టుకున్నది ఆ ఆప్యాయత, "నాన్నా", "అమ్మా" అనే పిలుపు. నేను గుర్తుపెట్టుకున్నది ఇంకొకటి. పాట అయ్యాక ముందు అది ఎవరు రాశారో, ఎవరు స్వరపరిచారో చెప్పేవారు. పాట మధ్య వాద్యాలు మోగే ఇంటర్లూడ్‌లో వేణువు బాగా పలికితే వాయించినాయన వైపు తిరిగి మెచ్చుకునేవారు. ఆ తర్వాత పాడిన పిల్లల దగ్గరికి వచ్చేవారు. "ళ" పలకాల్సిన చోట "ల" పలికావు, "శ" బదులు "స" వచ్చింది, ఈ సంగతి (లైనును మార్చి పాడే మలుపు) తొందరగా వేసేశావు అని. అంతటితో ఆగకుండా తనే ఆ లైను పాడి చూపించేవారు. చూస్తున్న మనకు కూడా తేడా తెలిసిపోయేది. మా తరంలో సంగీతం నేర్చుకోని చాలామందికి శ్రుతి, గమకం, సంగతి అన్న మాటలు తెలిశాయంటే అది ఆయన చలవే.

ఇంకో మాట. ఆయన కూడా పోటీల్లో పాడి వచ్చినవారే. కుర్రాడిగా మద్రాసులో ఒక సాంస్కృతిక సంస్థ పెట్టిన పోటీలో పాడితే, సంగీత దర్శకుడు కోదండపాణి గారు విని గుర్తించారు. 1966లో సినిమాకు మొదటి పాట పాడించింది కూడా ఆయనే. ఒక జడ్జి చెవి ఎంత పని చేయగలదో బాలుగారి బతుకులోనే ఉంది. అందుకేనేమో, ఎదురుగా నిలబడ్డ ప్రతి పిల్లవాడినీ అంత శ్రద్ధగా విన్నారు.

ఇప్పటి వాళ్ళు బాలుగారిలా మాట్లాడాలని నేను కోరను. ఎవరి తీరు వాళ్ళది. పాటలో ఏం జరిగిందో చెప్పే ఆ అలవాటు ఒక్కటి ఉంటే చాలు.

సినిమా హీరోయిన్ జడ్జి ఏమిటి, పాట రచయిత జడ్జి ఏమిటి? గాయకులే కదా ఉండాలి?

2022లో ఆహా ఓటీటీలో తెలుగు ఇండియన్ ఐడల్ మొదటి సీజన్ వచ్చినప్పుడు సంగీత దర్శకుడు తమన్, గాయకుడు కార్తీక్ పక్కన నిత్యా మీనన్‌ను చూసి చాలామంది ఈ మాట అన్నారు. ఆమె సినిమాల్లో పాటలు పాడిన మనిషి అని వాళ్ళలో చాలామందికి తెలియదు. 2023లో ఆ కుర్చీలోకి గాయని గీతామాధురి వచ్చారు.

నా ఉద్దేశంలో ముగ్గురూ గాయకులే అయితే పాటలో సగమే వింటారు. పాటలో మాట ఉంది, లయ ఉంది, భావం ఉంది. చంద్రబోస్ లాంటి రచయిత కూర్చుంటే, పాడేవాళ్ళు పదాన్ని ఎక్కడ విరిచారో, ఏ మాట మీద అనవసరంగా బరువు వేశారో పట్టుకుంటారు. మాటీవీలో వచ్చిన రేలా రే రేలాకు సుద్దాల అశోక్‌తేజ, గోరటి వెంకన్న జడ్జీలుగా కూర్చున్నారు. ఆ షో జానపదానికి అంత గౌరవం తేగలిగిందంటే, పల్లె పాట ఎలా పుడుతుందో తెలిసినవాళ్ళు ఆ కుర్చీల్లో ఉండటమే కారణం.

నాకొక కోరిక ఉంది. ఎప్పటికైనా ఒక తబలా కళాకారుడినో, కీబోర్డు వాయించేవారినో జడ్జిగా కూర్చోబెట్టాలి. పాడేవాళ్ళు తాళం కన్నా వెంట్రుకవాసి ముందుకు పరుగెడితే అందరికంటే ముందు తెలిసేది వాళ్ళకే.

తెలంగాణ యాసలో, జానపద బాణీలో పాడితే మార్కులు తగ్గిస్తారా?

హైదరాబాదులో ఈ ప్రశ్న గట్టిగానే వినిపిస్తుంది. అడిగేవాళ్ళ బాధలో న్యాయం ఉంది. ఇక్కడ రెండు సంగతులు కలిసిపోతున్నాయి. "కళ"ను "కల" అని పలికితే అర్థమే మారిపోతుంది. అది ఉచ్చారణ లోపం, దిద్దాల్సిందే. కరీంనగర్ నుంచో, పాలమూరు నుంచో వచ్చిన పిల్లవాడు తన ఊరి పాటను తన ఊరి మాటతో పాడితే అది లోపం ఎలా అవుతుంది? ఆ పాట పుట్టిందే ఆ మాటలో.

గొంతు సంగతి కూడా అంతే. సినిమా మెలోడీకి మైకు దగ్గర పెట్టుకుని మెత్తగా పాడే గొంతు కావాలి. జానపదం పొలంలో, బోనాల ఊరేగింపులో, డప్పుల మధ్య నలుగురికీ వినపడేలా విడిచి పాడే గొంతుతో వచ్చింది. దాన్ని మెలోడీ కొలతతో కొలిచి "కొంచెం రఫ్‌గా ఉంది, సాఫ్ట్‌నెస్ పెంచుకో" అంటే, ఆ పిల్లవాడి దగ్గరున్న బలాన్నే వదులుకోమని చెప్పినట్టు. దానికి అటువైపు ఇంకొకటి జరుగుతుంది: "మట్టి వాసన", "రా ఎనర్జీ" అని చప్పట్లు కొట్టి, శ్రుతి గురించి ఒక్క మాట కూడా చెప్పకుండా పంపేస్తారు. జానపదానికీ శ్రుతి ఉంది. ఎత్తుకున్న చోటే చివరిదాకా నిలబడాలి. దాన్ని పట్టించుకుని దిద్దితేనే ఆ పాటను మిగతా పాటలతో సమానంగా చూసినట్టు.

ప్రేక్షకుల ఓట్లు ముఖ్యమా, జడ్జీల మార్కులా?

ఈ రెండూ రెండు వేర్వేరు వాటిని కొలుస్తాయి. జడ్జి ఆ రోజు పాడిన పాటను కొలవాలి. ఓటు ఆ మనిషి మీద జనానికున్న ఇష్టాన్ని చూపిస్తుంది. అందులో ఊరి అభిమానం, భాషాభిమానం, మనవాడన్న ప్రేమ అన్నీ ఉంటాయి.

హైదరాబాదు ఈ ఓట్ల ఉత్సాహాన్ని బాగా చూసింది. ఇండియన్ ఐడల్ హిందీలో 2004లో మొదలైంది. రెండో సీజన్‌లో మన కారుణ్య ఫైనల్ దాకా వెళ్ళి 2006లో రన్నరప్‌గా నిలిచాడు. 2010లో శ్రీరామచంద్ర గెలిచాడు, 2017లో రేవంత్ గెలిచాడు. హిందీ పోటీలో తెలుగువాడు నిలబడ్డాడంటే మనకు అది పాటకు మించిన సంగతి అయిపోతుంది. హిందీ పాట ఎన్నడూ పూర్తిగా వినని మా మేనత్త కూడా మనుమడి చేత ఓటు వేయించేది. దాన్ని తప్పు పట్టను. ఆ ముగ్గురూ నిజంగానే బాగా పాడారు కూడా. కానీ ఓట్లే అన్నీ నిర్ణయించేటట్టయితే, చిన్న ఊరి నుంచి వెనక ఎవరూ లేకుండా వచ్చిన అమ్మాయి ఎంత బాగా పాడినా మధ్యలోనే ఆగిపోతుంది.

నాకు నచ్చే పద్ధతి ఇది: మొదటి దశల్లో జడ్జీల మార్కులు, చివరి నలుగురైదుగురి దగ్గర ప్రేక్షకుల ఓట్లు. రెండింటికీ ఎంతెంత విలువ ఇచ్చారో ఫినాలే రోజున తెర మీద చూపించాలి.

మా ఓట్లు నిజంగా లెక్కిస్తారా?

ఓటు వేసే ముందు ఆ షో నిబంధనలు ఒకసారి చదవండి. ఒక్కొక్కరు ఎన్ని ఓట్లు వేయొచ్చు, జడ్జీల మార్కులు కూడా కలుస్తాయా, గడువు ఎప్పటిదాకా అన్నవి అందులో ఉండాలి. అవి లేకపోయినా, ఫలితం చెప్పేటప్పుడు ఓట్ల శాతం చూపించకపోయినా, అడగడం మన హక్కే.

డబ్బు సంగతి కూడా చూసుకోండి. ఎస్సెమ్మెస్‌ల కాలంలో కౌన్ బనేగా కరోడ్‌పతి ప్రేక్షకుల పోటీకి ఒక్కో మెసేజ్‌కు 2.40 రూపాయలు పడేవి. దాని మీద కేసు వేస్తే 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చానల్‌కూ టెలికాం కంపెనీకీ కోటి రూపాయల జరిమానా వేసింది. 2020లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కేసు ఓడిపోయినా, చిన్న చిన్న మెసేజ్‌ల వెనక ఎంత డబ్బు తిరుగుతుందో జనానికి తెలిసింది. ఇప్పుడు యాప్‌లో ఓటు చాలావరకు ఉచితమే, అయితే ఫోన్ నంబరు, మీ వివరాలు అక్కడికి వెళ్తాయి.

"శ్రుతి తప్పింది" అని జడ్జి అన్నారు, మాకు మాత్రం బాగానే వినిపించింది. జడ్జిదే తప్పా?

కాకపోవచ్చు. ఇది చాలామందికి తెలియని విషయం. సెట్‌లో జడ్జి విన్న పాటా, ఇంట్లో మనం విన్న పాటా ఒకటే అయ్యుండాలని లేదు. రికార్డు చేసి తర్వాత ప్రసారం చేసే షోలలో మధ్యలో మిక్సింగ్ జరుగుతుంది. గొంతుకు కాస్త రివర్బ్ (ప్రతిధ్వని లాంటి మోత) కలుపుతారు, వాద్యాల మోత తగ్గిస్తారు, గొంతు హెచ్చుతగ్గుల్ని సరిచేస్తారు. శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. 2010లో బ్రిటన్‌లో ఎక్స్ ఫ్యాక్టర్ ఆడిషన్లలో ఆటోట్యూన్ వాడారని జనం పసిగట్టి గొడవ చేస్తే, నిర్మాతలు ఒప్పుకోక తప్పలేదు.

అందువల్ల ఒక పాట ఇంట్లో నున్నగా వినిపించి, జడ్జి మాత్రం తప్పు పట్టారంటే, ఆయన విన్న పచ్చి గొంతులో ఆ తప్పు ఉండి ఉండొచ్చు. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. సెట్‌లో స్పీకర్ల హోరులో గొప్పగా అనిపించిన పాట, ఇంట్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే పలచగా ఉంటుంది. పాడుతూ డాన్స్ చేస్తున్నా ఎక్కడా ఊపిరి శబ్దం వినపడటం లేదంటే, ఆ ఆడియో మీద బాగా పని జరిగిందనుకోవచ్చు.

పాట మధ్యలో జడ్జీలు కళ్ళు తుడుచుకోవడం, నోరు తెరిచి చూడటం నిజమేనా?

కన్నీళ్ళు నిజమే అయ్యుండొచ్చు, అవి ఆ లైనుకే వచ్చాయా అన్నది ఎడిటర్‌కే తెలియాలి. ఒకే రోజు గంటల కొద్దీ షూట్ చేస్తారు, కెమెరాలు చాలా ఉంటాయి. పాటకంటే మొహాలే ఎక్కువ కనిపిస్తుంటే కళ్ళు మూసుకుని వినండి.

జడ్జీలు పక్షపాతం చూపిస్తారా? 2025లో పెద్ద గొడవే అయింది కదా?

2025లో ఒక పోటీదారు బయటికొచ్చి జడ్జీల మీదా షో నిర్వహణ మీదా ఆరోపణలు చేశారు. అవతలి వైపు వాటిని ఖండించారు. వారం తిరక్కుండానే సగం మంది ఒకవైపు, సగం మంది ఇంకోవైపు అయిపోయారు. ఎవరిది నిజమని టీవీ ముందు కూర్చున్న మనం తేల్చలేం, తేల్చినట్టు మాట్లాడకూడదు కూడా.

అయితే అలాంటి అనుమానం పుట్టకుండా చూసుకునే దారులు ఉన్నాయి. మన సంగీత ప్రపంచం చిన్నది. ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ చుట్టుపక్కల స్టూడియోల్లో పాడేవాళ్ళంతా ఒకరికొకరు తెలుసు. పోటీదారు జడ్జి దగ్గర నేర్చుకున్నవాళ్ళో, ఆయన దగ్గర కోరస్ పాడేవాళ్ళో అయ్యుండొచ్చు. అది నేరం కాదు. అలాంటప్పుడు ఆ విషయం ముందే చెప్పి, ఆ ఒక్కరికి మార్కులు వేయకుండా పక్కన ఉంటే సరిపోతుంది. మా కాలనీ పోటీలో నా శిష్యులు పాడితే నేను మార్కులు వేయను, మిగతా ఇద్దరి సగటే తీసుకుంటారు. ఇంత చిన్న పోటీలో వీలైంది అంత పెద్ద షోలో ఎందుకు వీలుకాదు? ఎవరి మార్కులు ఎన్నో విడివిడిగా చూపిస్తే సగం అనుమానాలు అక్కడే పోతాయి.

ఇదివరకే సినిమాల్లో పాడినవాళ్ళని పోటీకి ఎందుకు తీసుకుంటారు?

రేవంత్ ఇండియన్ ఐడల్‌కు వెళ్ళేనాటికే తెలుగు సినిమాల్లో పాటలు పాడి ఉన్నాడు. హిందీ ప్రేక్షకులకు మాత్రం కొత్తవాడు. నిబంధనలు ఒప్పుకుంటే తప్పులేదు. కానీ మొదటిసారి మైకు పట్టుకున్న పిల్లలతో కలిపి కొలిచేటప్పుడు ఆ సంగతి ప్రేక్షకులకు చెప్పాలి.

కష్టాల కథ చూపించి ఓట్లు అడగడం తప్పు కదా?

ఆటో నడిపే నాన్న, టైలరింగ్ చేసే అమ్మ, వాళ్ళ కష్టం నిజం. దాన్ని చూపిస్తే తప్పేమీ లేదు. పాట రెండు నిమిషాలకు కత్తిరించి, కథ పది నిమిషాలు చూపించడం దగ్గరే నాకు బాధ. ఆ పిల్ల అంత కష్టపడి నేర్చుకున్నది పాడి వినిపించడానికి. రెండో చరణం కోసేస్తే ఆ కష్టానికి ఏం విలువ ఇచ్చినట్టు?

పిల్లల షోల్లో జడ్జీలు ఎలా ఉండాలి?

ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం నిదానంగా జవాబు చెప్పాలి.

ముందు చట్టం సంగతి. 14 ఏళ్ళలోపు పిల్లలు టీవీ కార్యక్రమాల్లో పాల్గొనడానికి 2017లో సవరించిన బాలకార్మిక నియమాలు కొన్ని షరతులు పెట్టాయి. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. రోజుకు 5 గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు. వచ్చే సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరు మీద బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఇవి తెలియని తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. షూటింగ్ రాత్రి పదకొండు దాటినా "అవకాశం పోతుందేమో" అని నోరు మెదపరు. 2019లో కేంద్ర సమాచార ప్రసార శాఖ కూడా చానళ్ళకు ఒక సూచన పంపింది, డాన్స్ షోల్లో పిల్లల చేత పెద్దవాళ్ళ వయసుకు తగిన అభినయాలు, అసభ్యమైన స్టెప్పులు చేయించవద్దని.

ఇక జడ్జీల మాట. నా దగ్గర నేర్చుకునే ఒక పాప ఒక షోకి ఎంపికై, కొన్ని వారాల తర్వాత ఎలిమినేట్ అయి వచ్చింది. క్లాసులో ఎప్పుడూ ముందు వరుసలో, హార్మోనియం పక్కనే కూర్చునే పిల్ల, వచ్చాక గోడవైపు వెళ్ళి కూర్చుంది. అందరూ పాడుతుంటే పెదాలు కదిపేది, గొంతు బయటికి రాలేదు. ఒకరోజు క్లాసు అయ్యాక శ్రుతిపెట్టె సర్దుతూ అడిగింది, "నేను ఎక్కడ తప్పు పాడాను టీచర్?" జడ్జీలు ఏమన్నారని అడిగాను. "నువ్వు స్టార్‌వి, ఈ రోజు నీది కాదు అంతే" అన్నారట. దగ్గరికి తీసుకుని ముద్దు కూడా పెట్టారట. వాళ్ళ ప్రేమలో కల్తీ లేదు. కానీ ఆ పిల్లకు కావాల్సిన జవాబు దొరకలేదు. ఆ ఎపిసోడ్ మేమిద్దరం కలిసి విన్నాం. స్కేల్ (పాట ఎత్తుకునే శ్రుతి) అర స్వరం పెంచి పాడించారు, పై స్థాయిలో గొంతు అందలేదు. అది విన్నాక పాప మొహం తేలికపడింది. "అంటే నా గొంతు బాలేక కాదా?" అంది. ఆ పాటను తన శ్రుతిలో పెట్టుకుని మళ్ళీ పాడింది.

పిల్లలు ఓటమిని తట్టుకుంటారు. కారణం తెలియని ఓటమే వాళ్ళని లోపల తొలుస్తుంది. పిల్లల షోలో జడ్జి చేయగలిగిన పెద్ద మేలు, వాళ్ళ భాషలో ఒక్క తప్పు, ఒక్క దిద్దుబాటు చెప్పి పంపడం.

గెలిచినవాళ్ళకంటే ఓడినవాళ్ళే పైకొస్తారంటారు, నిజమా?

అలా జరిగినవి ఉన్నాయి. 2005లో ఫేమ్ గురుకుల్ అనే షోలో అరిజీత్ సింగ్ గెలవలేదు, ఆ తర్వాత దేశమంతా ఆయన పాటే విన్నది. అలాగని గెలుపుకు విలువ లేదనలేం. షో ఒక తలుపు తీస్తుంది, ఆ తర్వాత ఎంత సాధన చేశారన్నదే లెక్క.

నచ్చని జడ్జిని ఫేస్‌బుక్, యూట్యూబ్‌లలో విమర్శిస్తే తప్పా?

విమర్శించండి. "పలానా పాటకు పది మార్కులు ఎందుకు వేశారు, రెండో చరణం వినలేదా" అని అడిగితే అది వాళ్ళ పనికి సంబంధించిన ప్రశ్న. వాళ్ళకూ ఉపయోగమే. కానీ కామెంట్లు చదివితే ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. మగ జడ్జి నచ్చకపోతే ఆయన సంగీతాన్ని తిడతారు. ఆడ జడ్జి నచ్చకపోతే చీర, వయసు, పెళ్ళి, సంసారం దాకా వెళ్ళిపోతారు. పాతికేళ్ళు పాడి ఆ కుర్చీలోకి వచ్చిన మనిషిని అలా మాట్లాడటం నాకు కోపం తెప్పిస్తుంది. మీ ఇంట్లో ఆడపిల్ల పాడుతోందంటే, రేపు ఆ కుర్చీలో ఆమే కూర్చోవచ్చు.

షో మీద నిజంగా ఫిర్యాదు ఉంటే ఎక్కడ చెప్పాలి?

ముందు చానల్‌కే రాతపూర్వకంగా పంపాలి. 2021లో వచ్చిన కేబుల్ టీవీ నియమాల ప్రకారం చానల్ 15 రోజుల్లో జవాబివ్వాలి. తృప్తి కలగకపోతే ప్రసార సంస్థల స్వీయ నియంత్రణ మండలికి, ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వ స్థాయికి వెళ్ళొచ్చు. ఆహా లాంటి ఓటీటీలకు కూడా అదే ఏడాది వచ్చిన ఐటీ నియమాల కింద ఫిర్యాదుల అధికారి ఉండాలి, గడువు అదే. ఏ ఎపిసోడ్, ఏ తేదీ, ఎన్నో నిమిషం అన్నది రాస్తేనే పట్టించుకుంటారు. "మా అభిమాన గాయకుడిని తీసేశారు" అన్నది మాత్రం ఫిర్యాదు కిందికి రాదు.

సంగీతం రాని మేము ఇంట్లో మార్కులు వేసుకోవాలంటే ఏం వినాలి?

పల్లవి ఎత్తుకున్నప్పుడు గొంతు ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. చరణం అయ్యి మళ్ళీ పల్లవికి వచ్చినప్పుడు అక్కడికే వచ్చిందా? పై స్థాయికి వెళ్ళేటప్పుడు అరుపు వినిపించిందా, పాట వినిపించిందా? మాట మధ్యలో ఊపిరి తీశారా? కింది స్వరాల్లో మాట మింగేశారా? తాళానికి చెయ్యి వేస్తుంటే మీ చెయ్యి ఎక్కడైనా తడబడిందా? ఇవి చూసుకుంటే చాలు. మొదట్లో మీ మార్కులకూ జడ్జీల మార్కులకూ పొంతన కుదరకపోవచ్చు. ఇంటిల్లిపాదీ కాగితం మీద విడివిడిగా వేసి, ఎందుకో చెప్పుకోండి. పిల్లలు పెద్దవాళ్ళకంటే బాగా పట్టేస్తారు.

మా అమ్మాయిని ఆడిషన్‌కి పంపాలనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

తన శ్రుతి తనకు తెలిసి ఉండాలి. "ఏ స్కేల్?" అని అడిగితే తడుముకోకూడదు. ఆడిషన్‌లో చాలాసార్లు వాద్యాలు ఉండవు, ఒట్టి గొంతుతో ఒక నిమిషం పాడించి పంపేస్తారు. కాబట్టి కరావోకే ట్రాక్ మీదే సాధన చేయించకండి. పల్లవి నుంచి మొదలుపెడితే బలమైన చరణం వచ్చేలోపే ఆపేయొచ్చు, అందుకే ఏ లైను నుంచి ఎత్తుకోవాలో ముందే అనుకోండి. మెలోడీ ఒకటి, హుషారు పాట ఒకటి, జానపదమో కీర్తనో ఒకటి సిద్ధంగా ఉంచండి. ఆ పాటలు ఎవరు రాశారో, ఎవరు స్వరపరిచారో తెలిసి ఉండాలి, అడుగుతారు.

క్యూలో గంటలు గడుస్తాయి. చల్లని నీళ్ళు వద్దు, గోరువెచ్చని నీళ్ళ ఫ్లాస్కు, ఇడ్లీ లాంటి తేలికైన తిండి తీసుకెళ్ళండి. లైనులో నిలబడి గొంతెత్తి పాడుతూ ఉంటే లోపలికి వెళ్ళేసరికి గొంతు అలిసిపోతుంది. ఎంపిక చేయిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడి నుంచి వచ్చేయండి. ఎంపికైతే అగ్రిమెంట్ మీద అక్కడికక్కడే సంతకం పెట్టకుండా ఇంటికి తెచ్చుకుని చదవండి, ఎన్నాళ్ళు బయట పాడకూడదని రాశారో ముఖ్యంగా చూడండి. పరీక్షల తేదీలు ముందే చెప్పేయండి. జడ్జీలు ఏమన్నారో అదే రాత్రి అమ్మాయి చేత ఒక నోటుబుక్కులో రాయించండి, "బాగా పాడావు" అన్నది మాత్రమే ఉంటే మర్నాడు గురువు దగ్గర ఆ పాట ఇంకోసారి పాడించండి.